పదకొండు నెలల కాయితం

మిర్యాలగూడ రిజిస్ట్రాఫీసు గోడకానుకొని
ముప్పై ఎనిమిదేండ్ల సంది నా బల్ల.
మిల్లుల పొట్టు గాలికి లేచొచ్చి
స్టాంపు కాయితాల మీద వాలుతది.
ఊదుకుంట రాస్త.

ఆనాడు ముగ్గురొచ్చిండ్రు.
నవనీత, పెద్దాస్పత్రిల రక్తం పరీక్షలు చేస్తదట.
జానయ్య, బోరు మోటార్లు విప్పుతడు, గోర్లల్ల గ్రీజు.
ప్రభుదాసు, కాలేజీల చెట్ల పాఠం చెప్తడు.
కాలువ అవతల రెండర్రల ఇల్లు,
కిరాయి కాయితం కావాలె,
పదకొండు నెలలకు.

ఒకరికొకరు ఏమైతరు అన్న.
అడగాల్సిందే, కాయితంల గడి ఉంటది.
జానయ్య నవ్విండు.
ప్రభుదాసు చెప్పుల దిక్కు చూసిండు.
ఆమె ఒక మాట చెప్పింది: పాలియామరీ.

నా చెవికి సగమే అందింది.
పాలా? పాలంటే నాకెరుకే బిడ్డా,
పాలు పంచే కాయితాలేనాయె నేను రాసేది.
పాలు తెగినంక పాలోళ్లయితరు,
పాలోళ్లయినంక గట్టుకాడ గొడ్డళ్లు.
'ఆ పాలు కాదు పెద్దాయినా,
మాదాంట్ల తెగుడు లేదు.'

మరేమనాలె?
నాకాడున్న మాటలన్నీ తీసి బల్ల మీద పెట్టిన.
ఉంచుకున్నది. చిన్నిల్లు. చాటు యవ్వారం.
అన్నీ చీకట్ల నడిచేటియే,
చెప్పులు చేతుల పట్టుకొని.
సవతి ఉన్నది గని
అదే చోట నిలబడ్డ మొగోనికి
మన భాషల పేరే పెట్టలే.

'వీటిల్ల ఒక్కటన్న
అందరికీ ఎరుకై జరుగుతదా?' అనడిగింది.
జరగదు.
'మాది ముగ్గురికీ ఎరుకే.
జానయ్యకు కడుపుల మండితే దాచుకోడు,
పండుకోకముందే చెప్తడు.
ఎవరొద్దన్నా ఆగుతది.
నిజం చెప్పాల్నంటే పెద్దాయినా,
మా ఇంట్ల ప్రేమ కంటే ముచ్చట్లే ఎక్కువ.'

మా నాయిన బాయి యాదికొచ్చింది.
మూడిండ్లకు ఒకటే మోటరు, తిప్పర్తి కాడ.
కరెంటు నడిజామున వచ్చినా
ఎవల వంతు ఎవలదో నిద్రల కూడ తెలిసేది.
పొత్తుల బాయి.
పొత్తు, అన్న, పొత్తనరాదు?
ఆమె పెదవుల మీద రెండుసార్లు తిప్పి చూసింది.
'అది ఎలక్షన్ల మాట గదా,' అన్నడు జానయ్య,
'సీట్లకాడ ఇరుగుతది.'
'మనిషి బాయి గాదు,' అన్నడు ప్రభుదాసు.
అతను ఆ పొద్దు మాట్లాడింది గంతే.

సరే, గడి అట్లనే ఉంచి కిందికి దిగిన.
చెయ్యి దానంతటదే రాసుకుంట పోయింది:
ఎవరి బలవంతము గాని ప్రోద్బలము గాని లేక
మా పూర్తి ఇష్టముతో...
ఆడ కలం ఆగింది.

ఎన్ని వేలసార్లు రాసిన్నో ఈ ముక్క.
దీని కింద ఎన్ని బొటనవేళ్లు అద్దించిన్నో.
నా చెల్లె యాదమ్మది కూడ,
మూడెకరాల హక్కు విడుదల పత్రం.
మా అన్న ఆమె మణికట్టు పట్టుకున్నడు,
నేను సిరా డబ్బీ పట్టుకున్న.
పూర్తి ఇష్టము అని రాసింది నేనే.
ఆమె నోరు తెరిచింది లేదు,
తెరిపిచ్చింది లేదు.

ఇప్పుడు ఎదురుంగ ముగ్గురు
సద్దు చెయ్యకుండ వింటున్నరు.
'ఆ ముక్క ఇంకోసారి చదువు పెద్దాయినా,' అన్నది నవనీత.
చదివిన.
ఒక్కొక్కల మొకం చూసుకుంట చదివిన.
గొంతెందుకో పట్టింది, పొట్టనుకున్న.

పైకి పోయి
సంబంధం అన్న గడిల
ఎరుక అని రాసిన.

ఇంటామె కనకలచ్చమ్మ అద్దాలు సదురుకొని చూసి
'ఎరుకలోళ్లా? ముందుగాల చెప్పలే!' అని లేవబోయింది.
ఎరుకలోళ్లయితే ఏమాయె అన్న.
వీళ్లు ఎరుకున్నోళ్లు అన్న.
ఆమెకు ఏదీ సమజు గాలే.
అడ్వాన్సు మూడుసార్లు లెక్కవెట్టి
కొంగుల ముడేసుకున్నది.

పదకొండు నెలలైనంక ముగ్గురొస్తరో,
ఇద్దరొస్తరో, ఎవలికెరుక.
ఎవలొచ్చినా సరే,
ఇగ నుంచి ఆ ముక్క కాడికి రాంగనే
కలం పక్కకు వెట్టి
ముందు అడుగుత.